పాత మెంబ్రేన్లకు ఒక పద్దు రాయండి: మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ

పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రి శ్రీమతి ధనసరి అనసూయ సీతక్క గారికి,

ఫిల్టర్ నీళ్ల ప్లాంట్ల గురించి మీ దగ్గరికి వచ్చే అర్జీలు చాలావరకు రెండు రకాలుగా ఉంటాయి. మా ఊరికి ప్లాంటు పెట్టించండి అని అడిగేవి కొన్ని, ఆగిపోయిన ప్లాంటును బాగుచేయించండి అని అడిగేవి ఇంకొన్ని. నేను రాస్తున్నది ఆ ప్లాంటులోంచి తీసి అవతల పడేసే వస్తువు గురించి. దాన్ని మెంబ్రేన్ అంటారు. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లలో అది కొన్నప్పుడు బిల్లు ఉంటుంది, బిగించినప్పుడు కొబ్బరికాయ కొడతారు. తీసేశాక ఎటు పోయిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ పద్దు మొదలుపెట్టించమని అడగడానికే ఈ ఉత్తరం.

ప్లాంటు గదిలో గోడ వెంట అడ్డంగా అమర్చిన పొడుగాటి గొట్టాలు మీరు చూసే ఉంటారు. మెంబ్రేన్ వాటి లోపల ఉంటుంది. ఊరి ప్లాంట్లలో ఎక్కువగా వాడేది నాలుగంగుళాల లావు, నలభై అంగుళాల పొడవు ఉండే రకం. 4040 అని పిలుస్తారు. గంటకు వెయ్యి లీటర్లు ఇచ్చే ప్లాంటుకు అలాంటివి సాధారణంగా నాలుగు పడతాయి. మధ్యలో చిల్లులున్న గొట్టం, దాని చుట్టూ చాప చుట్టినట్టు చుట్టిన షీట్లు, షీట్ల మధ్య నీళ్లు పారడానికి సన్నని ప్లాస్టిక్ వల, అన్నిటి మీద ఫైబర్‌గ్లాస్ తొడుగు. విప్పి పరిస్తే ఒక్కో దాంట్లో ఏడెనిమిది చదరపు మీటర్ల షీటు ఉంటుంది. షీటు అడుగున పాలియెస్టర్ బట్ట, దాని మీద పాలీసల్ఫోన్ పొర, ఆ పైన పాలీఅమైడ్ పొర. ఉప్పునూ ఫ్లోరైడ్‌నూ ఆపేది ఆ పై పొర ఒక్కటే. దాని మందం మిల్లీమీటరులో ఐదు వేలవ వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. పిల్లల ఎముకలకూ బోరు నీళ్లకూ మధ్య అడ్డుగా ఉన్నది అదే.

బాగా చూసుకునే పెద్ద ప్లాంట్లలో మెంబ్రేన్ ఐదారేళ్లు నడుస్తుంది. మన ఊళ్లలో రెండు మూడేళ్లు వస్తే గొప్ప. గ్రానైటు నేలలో లోతుగా వేసిన బోరు నీళ్లలో సున్నం, సిలికా ఎక్కువ. అవి షీటు మీద గార కడతాయి. గార కట్టకుండా చుక్కలు చుక్కలుగా కలపాల్సిన మందు అయిపోతే మళ్లీ కొనేదాకా ప్లాంటును ఆపరు. ముందున్న కార్బన్ ఫిల్టరు ఎప్పుడు మార్చారో నడిపే కుర్రాడికి గుర్తుండదు. ప్లాంటు కట్టించిన దాత పేరు శిలాఫలకం మీద ఉంటుంది గానీ, మెంబ్రేన్ మార్చే డబ్బు ఎవరి పద్దులోనూ ఉండదు. అందుకే పూర్తిగా జామ్ అయ్యేదాకా నడిపించి, ఒకరోజు తీసి గది వెనకాల పడేస్తారు.

పాత సామాన్ల వాళ్లు ఇనుము తీసుకుంటారు, రాగి తీసుకుంటారు, దీన్ని ముట్టుకోరు. నాలుగైదు రకాల ప్లాస్టిక్కులూ గాజునారా జిగురుతో అతికిపోయిన వస్తువును విడదీస్తే వచ్చే సొమ్ము కూలికి కూడా చాలదు. దాంతో అది కొన్నాళ్లు ఎండలో పడి ఉంటుంది. తర్వాత పంచాయతీ ట్రాక్టరెక్కి, పల్లె ప్రగతి కింద కట్టిన డంపింగ్ యార్డుకు చేరుతుంది. అక్కడ ఎవరో చెత్తకు నిప్పంటిస్తారు. నైట్రోజన్ ఉన్న పాలీఅమైడ్, గంధకం ఉన్న పాలీసల్ఫోన్, తొడుగుకు పూసిన రెసిన్, అన్నీ కలిసి మంటలో కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్, సల్ఫర్ డయాక్సైడ్ ఉండే అవకాశం ఉంది. యార్డులో చెత్త వేరుచేసే సఫాయి కార్మికురాలు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఆ పొగ పక్కనే పనిచేస్తుంది.

ఈ ప్రాంతానికి ఈ యంత్రం ఎందుకు వచ్చిందో మీకు తెలియనిది కాదు. అయినా కొంత వెనక్కి వెళ్లి చెప్పాలి, ఎందుకంటే ఇది ఇక్కడ మూడోసారి జరుగుతున్న పొరపాటు. 1955లోనే ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. వంగిన వెన్నులు, బిగిసిన కీళ్లు, గార పళ్లు అప్పటికే వైద్యుల రికార్డుల్లోకి ఎక్కాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ల మాట దేశం చెవిన పడాలని జల సాధన సమితి పూనుకుని వేయించిన నామినేషన్ల వల్ల బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. మర్రిగూడ మండలం శివన్నగూడెం నుంచి అంశల స్వామి తన వంగిపోయిన దేహాన్నే సాక్ష్యంగా పెట్టి ఏళ్ల తరబడి మాట్లాడి, 2023 జనవరిలో కన్నుమూశారు.

ఆ మధ్యకాలంలో ఫ్లోరైడ్‌కు విరుగుడు పద్ధతులు వచ్చాయి. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతి తయారుచేసింది. నల్లగొండ టెక్నిక్ అన్న పేరుతో అది కెన్యా, టాంజానియాల దాకా వెళ్లింది. ఆ పద్ధతిలో తొట్టి అడుగున పటిక బురద మిగులుతుంది. నీళ్లలోంచి దిగిన ఫ్లోరైడ్ అంతా దాంట్లోనే ఉంటుంది. తర్వాత యాక్టివేటెడ్ అల్యూమినా గింజల ఫిల్టర్లు వచ్చాయి. గింజలు ఫ్లోరైడ్‌తో నిండాక కాస్టిక్ సోడాతో, ఆమ్లంతో కడిగితే తప్ప మళ్లీ పనిచేయవు. ఆ కడిగిన నీళ్లు ఎక్కడో పొయ్యాలి. ఇప్పుడు ఆర్‌ఓ, అంటే ఈ మెంబ్రేన్ ప్లాంట్లు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లలో సగాన్ని మంచినీళ్లుగా తీస్తే, రిజెక్ట్ పైపులోంచి బయటికి పోయే మిగతా సగంలో అది 8 దగ్గరికి చేరుతుంది. ఆ పైపు మురికి కాలువలోకో, పక్కనున్న చెలకలోకో తెరుచుకుంటుంది, అక్కడి నుంచి మళ్లీ భూమిలోకే. ఫ్లోరైడ్‌ను మనం ఎన్నడూ మాయం చేయలేదు. నీళ్లలోంచి తీసిన ప్రతిసారీ ఇంకో చోట పెట్టాం. ఆ ఇంకో చోటు ఏదో మాత్రం మొదటిసారీ రాసుకోలేదు, రెండోసారీ రాసుకోలేదు, ఇప్పుడూ రాసుకోవడం లేదు.

చెత్త సంగతి ఇది. కానీ నన్ను ఎక్కువ భయపెడుతున్నది చెత్తలో పడని పాత మెంబ్రేన్.

జామ్ అయిన మెంబ్రేన్‌ను ఆమ్లంతో, తర్వాత క్షారంతో కడగడం మామూలు పనే. సిట్రిక్ ఆమ్లం సున్నపు గారను కరిగిస్తుంది, కాస్టిక్ జిగట పదార్థాన్ని వదిలిస్తుంది. జాగ్రత్తగా చేస్తే మెంబ్రేన్ ఆయుష్షు పెరుగుతుంది. అలా పెంచడమే అన్నిటికన్నా మంచి పునర్వినియోగం. అయితే ఒకచోట తీసేసిన మెంబ్రేన్లను కడిగి, కొత్త స్టిక్కరు వేసి, ఇంకో ఊరికి సగం ధరకు అమ్ముతారన్న మాట ఈ పని తెలిసినవాళ్ల నోట వింటూ ఉంటాం. కొనేవాడు ఎలా చూసుకుంటాడు? చేతిలో ఉన్న టీడీఎస్ మీటరు నీళ్లలో ముంచుతాడు. ఒక లెక్క చూడండి. లీటరు బోరు నీళ్లలో టీడీఎస్ 1200, ఫ్లోరైడ్ 5 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. మెంబ్రేన్ కొత్తగా ఉండి నూటికి 95 వంతులు ఆపితే టీడీఎస్ 60కి, ఫ్లోరైడ్ 0.25కి దిగుతాయి. అదే మెంబ్రేన్ అరిగి 65 వంతులే ఆపితే టీడీఎస్ 420, ఫ్లోరైడ్ 1.75. తాగునీటి ప్రమాణాల్లో టీడీఎస్‌కు మేలైన హద్దు 500, ఫ్లోరైడ్‌కు గరిష్ఠ హద్దు 1.5. మీటరు చూసినవాడు 420 ఉంది, బాగానే ఉంది అంటాడు. ఆ నీళ్లు తాగే పిల్ల ఒంట్లోకి ఫ్లోరైడ్ చేరుతూనే ఉంటుంది. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక అంకె చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో అది చెప్పలేదు.

పాత మెంబ్రేన్లను మార్చి వాడుకునే పరిశోధన ప్రపంచంలో బాగానే జరిగింది. నాకది ఆశ కలిగించే విషయం, అందుకే వివరంగా రాస్తున్నాను. సముద్రపు నీళ్లను శుద్ధి చేసుకుని బతికే కెనరీ దీవుల్లో రెండు దశాబ్దాల కిందటే పాత మెంబ్రేన్లను మురుగునీటి శుద్ధికి వాడి చూశారు. తర్వాత స్పెయిన్‌లోని ఇమ్డియా నీటి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం ఈ పనిని ముందుకు తీసుకెళ్లాయి. మన దేశంలో భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా దీనిమీద పనిచేశారు. సూత్రం తేలికే. పాలీఅమైడ్ పొరకు క్లోరిన్ పడదు. పాత మెంబ్రేన్‌ను సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో నానబెడితే పై పొర కరిగిపోయి, కింద ఉన్న పాలీసల్ఫోన్ పొర బయటపడుతుంది. ఆ పొర బురదనూ, బ్యాక్టీరియాలో చాలా భాగాన్నీ ఆపుతుంది, తక్కువ ఒత్తిడితో ఎక్కువ నీళ్లు వదులుతుంది. దాన్ని అల్ట్రాఫిల్ట్రేషన్ అంటారు. ద్రావణం గాఢతను నానిన గంటలతో గుణిస్తే 3 లక్షలు వచ్చేలా చేస్తే పై పొర పూర్తిగా పోతుందని ఆ పరిశోధనల్లో తేలింది. పదివేల పీపీఎం ద్రావణంలో ముప్పై గంటలన్నమాట. అందులో కొద్ది వంతే నానబెడితే పొర సగం సగం మిగిలి, నానోఫిల్ట్రేషన్ స్థాయికి వస్తుంది.

ఈ విద్య ఇంకో జిల్లాకు వరం కావచ్చు. నల్లగొండలో, పాలమూరులో దీన్ని తాగునీటి దగ్గరికి రానిస్తే ప్రమాదం. ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి ఉండే అయాను. దానికి అల్ట్రాఫిల్ట్రేషన్ పొర అడ్డే కాదు. 5 మిల్లీగ్రాములు లోపలికి పోతే 5 మిల్లీగ్రాములూ బయటికి వస్తాయి. నీళ్లు మాత్రం తేటగా, ధారాళంగా ఉంటాయి. సగం నానిన మెంబ్రేన్ ఇంకా మోసం చేస్తుంది. కాల్షియం, మెగ్నీషియం లాంటి వాటిని అది బాగానే ఆపుతుంది, ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగాన్ని వదిలేస్తుంది. అంటే నీళ్ల రుచి మారుతుంది, గిన్నెకు గార పట్టదు, పప్పు తొందరగా ఉడుకుతుంది. ఇంటి ఇల్లాలికి నమ్మకం కుదరడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎముకల్లో మార్పు కనిపించేసరికి ఏళ్లు గడిచిపోతాయి. వంగిన ఎముకను తిరిగి నిటారు చేసే మందు లేదు. ప్రయోగశాలలో కావాలని చేసే ఈ పని, క్లోరిన్ కలిసిన నీళ్లను కార్బన్ ఫిల్టరు లేకుండా ప్లాంటులోకి వదిలితే ఊళ్లో దానంతటదే నెమ్మదిగా జరుగుతుందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి మంత్రి గారూ, నా మొదటి విన్నపం ఇది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 దాటిన ఏ ఊళ్లోనైనా, ఒకసారి తీసేసిన మెంబ్రేన్‌ను తాగునీటి ప్లాంటులో మళ్లీ బిగించకూడదని మీ శాఖ రాతపూర్వకంగా ఆదేశించాలి. నడుస్తున్న మెంబ్రేన్‌కు టీడీఎస్ మీటరుతో సరిపెట్టకుండా నెలకోసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి. ఇందుకు కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ వాడకం నేర్పాలన్న ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఫ్లోరైడ్ ఎంత ఉందో రంగును బట్టి చెప్పే సీసా ఆ కిట్‌లో ఉంటుంది. ఆ పరీక్షను నల్లా దగ్గర చేసినట్టే ప్లాంటు పంపు దగ్గరా చేయించి, ఫలితాన్ని ప్లాంటు గోడ మీద సుద్దముక్కతో రాయించండి. క్యాన్ పట్టుకోవడానికి వచ్చినవాళ్లు చదువుకుంటారు.

రెండోది పద్దు. ప్రతి 4040 మెంబ్రేన్ మీదా కంపెనీ వేసిన సీరియల్ నంబరు ఉంటుంది. ఏ ఊళ్లో, ఏ నంబరుది, ఏ తేదీన బిగించారు, ఏ తేదీన తీశారు, తీశాక ఎవరికి అప్పగించారు అన్న వివరాలు పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటే చాలు. సర్కారు డబ్బుతో, దాతల డబ్బుతో, ప్రైవేటుగా పెట్టుకున్న ప్లాంట్లన్నిటికీ ఇది వర్తించాలి. పని పెద్దదేమో అని భయపడనక్కర్లేదు. వెయ్యి ఊళ్లలో ఒక్కో ప్లాంటు ఉండి, ఒక్కో ప్లాంటు మూడేళ్లకోసారి నాలుగు మెంబ్రేన్లు మారుస్తుందనుకున్నా ఏడాదికి వచ్చేవి 1300 పైచిలుకు. ఒక్కోటి మూడు నాలుగు కిలోలు వేసుకున్నా మొత్తం ఐదు టన్నులకు అటూ ఇటూ. మామూలు ప్లాస్టిక్ కవర్లను ఎవరూ లెక్కపెట్టలేరు, వీటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. ఇళ్లల్లో గోడకు తగిలించుకునే ఫిల్టర్ల చిన్న మెంబ్రేన్లు సంఖ్యలో ఎక్కువే గానీ, వాటిని మార్చడానికి వచ్చే మెకానిక్ చేతికే పాతది వెళ్తుంది. ఆ మెకానిక్ దగ్గర సేకరించడం ఇల్లిల్లూ తిరగడం కన్నా సులువు.

సేకరణ మహిళా సంఘాల మండల సమాఖ్యలకు అప్పగించమని నా కోరిక. పంచాయతీలూ, మహిళా సంఘాలూ రెండూ ఒకే మంత్రి చేతికింద ఉండటం ఈ పనికి కలిసొచ్చిన విషయం. తెచ్చిన ప్రతి మెంబ్రేన్‌కూ ఎంతో కొంత ఇవ్వండి. ధర లేని వస్తువు కాబట్టే అది డంపింగ్ యార్డుకు పోతోంది. మెంబ్రేన్‌ను తీసినరోజే తడి ఆరకుండా చూడాలన్నది మాత్రం అందరికీ నేర్పాలి. ఎండిపోయిన షీటు మళ్లీ సరిగా పనిచేయదు. లీటరు మంచినీళ్లకు పది గ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్ కలిపిన ద్రావణంతో తడిపి, మందపాటి పాలిథీన్ సంచిలో పెట్టి మూతి బిగించి, నీడలో ఉంచితే బూజు పట్టకుండా నెలల తరబడి నిలుస్తుంది. సంచి మీద ఊరి పేరు, తీసిన తేదీ, ఆ బోరు నీళ్ల ఫ్లోరైడ్ అంకె రాయాలి.

అక్కడి నుంచి అవి చేరాల్సినవి రెండు కేంద్రాలకు: ఒకటి నల్లగొండలో, ఒకటి మహబూబ్‌నగర్‌లో. పాత మహబూబ్‌నగర్ ఇప్పుడు ఐదు జిల్లాలైనా ఒక కేంద్రం సరిపోతుంది. వచ్చినదాన్ని ముందు తూకం వేయాలి. కొత్తదానికన్నా బాగా బరువుంటే లోపల గార నిండినట్టే, దానిమీద సమయం పెట్టడం దండగ. మిగతావాటిని ఉప్పునీళ్లతో పరీక్షించి, ఎంత ఆపుతుందో, ఎంత వదులుతుందో చూసి వేరుచేయాలి. లంబాపూర్, పెద్దగట్టు వైపు రాతిలో యురేనియం ఉంది కాబట్టి, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన మెంబ్రేన్ల గారను ప్రయోగశాలలో చూపించకుండా ఏ పనికీ వాడకూడదు. హైపోక్లోరైట్‌లో నానబెట్టే పని ఊళ్లలో ఎవరినీ చేయనివ్వద్దు. ప్లాంటు గదుల్లో కడగడానికి తెచ్చిన ఆమ్లం డబ్బా పక్కనే ఉంటుంది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. కేంద్రంలో చేతితొడుగులు, గాలి ఆడే షెడ్డు, మిగిలిన హైపోక్లోరైట్‌ను విరిచేసి వదిలే తొట్టి ఉండాలి. వీటన్నిటినీ చూసుకోవడానికి రసాయనశాస్త్రం చదివిన మనిషి ఒకరు ఉండాలి. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర విభాగాలు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి, వాళ్లను అడగండి.

అలా మార్చినవి దేనికి? గురుకుల పాఠశాలల్లో, హాస్టళ్లలో వందల మంది పిల్లల స్నానాల నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు రోజూ వృథాగా పోతాయి. ఇసుక ఫిల్టరు తర్వాత ఈ మెంబ్రేన్ పెడితే ఆ నీళ్లు మరుగుదొడ్లకూ మొక్కలకూ పనికొస్తాయి. ఇసుక ఫిల్టరు లేకుండా నేరుగా పెడితే వారంలో జామ్ అవుతుంది. ఈ రకం మెంబ్రేన్‌లో వల సన్నగా ఉంటుంది, బురదను తట్టుకోదు.   ఇలా మార్చిన ప్రతిదానికీ ఎర్ర రంగు పట్టీ వేసి, తాగునీటికి కాదు అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. దేనికీ పనికిరాని వాటిని కేంద్రంలోనే విప్పి, లోపలి ప్లాస్టిక్ వలలను కడిగి పంచాయతీ నర్సరీలకు ఇవ్వవచ్చు.

చివరికి మిగిలే షీట్లు, తొడుగులు ఎటు పోవాలన్న ప్రశ్నకు జవాబు ఈ నేలమీదే ఉంది. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు పాత నల్లగొండ జిల్లాలోవే. పాలమూరు, నారాయణపేట వైపు నుంచి తాండూరు ఫ్యాక్టరీలు దగ్గర. సిమెంటు బట్టీలో ముడిసరుకు 1450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ ఇంధనంగా కాలిపోతుంది, ఫైబర్‌గ్లాస్‌లోని గాజు క్లింకరులో కలిసిపోతుంది. ఇలా చేయడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు ఉన్నాయి. కాల్చడం కాల్చడమే కదా అని అడిగేవాళ్లు ఉంటారు, వాళ్ల ఆందోళన అర్థం లేనిది కాదు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము చుట్టుపక్కల ఊళ్లకు తెలుసు. కానీ ఊరి చివర ఆరుబయట అరకొర మంటలో కాలడానికీ, పొగగొట్టానికి కొలతలు పెట్టిన బట్టీలో కాలడానికీ తేడా చాలా ఉంది. ఆ కొలతలను రాష్ట్ర కాలుష్య మండలి బయటపెట్టాలన్న షరతుతోనే ఒప్పందం చేసుకోండి.

కంపెనీల బాధ్యత సంగతి కూడా ఉంది. ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల కింద ఉత్పత్తిదారుడు వెనక్కి తీసుకోవాల్సింది ప్యాకింగును. మెంబ్రేన్ ప్యాకింగు కిందికి రాదు. 2023 నవంబరులో కేంద్ర పర్యావరణ శాఖ నీటి శుద్ధి యంత్రాల వాడకంపై నియమాలు ప్రకటించింది గానీ, ఊరి ప్లాంటు వెనకాల పడి ఉన్న 4040 దగ్గరికి వాటి ఫలం చేరలేదు. అది చేరేదాకా ఆగనక్కర్లేదు. పంచాయతీ సొమ్ముతో కొనే ప్రతి మెంబ్రేన్ టెండరులో ఒక్క వాక్యం చేర్చవచ్చు: పాతది వెనక్కి తీసుకుని, కేంద్రానికి అప్పగించిన రసీదు చూపిస్తేనే కొత్తదానికి బిల్లు. ఈ వాక్యానికి చట్టం మారాల్సిన పని లేదు, మీ శాఖ సర్క్యులరు చాలు.

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇన్ని మెంబ్రేన్లు మనకు అసలు కావాలా? 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది. ఇప్పుడు నల్లగొండ ఊళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పాలమూరుకు ఎల్లూరు నుంచి శ్రీశైలం వెనుక జలాలు వస్తున్నాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ భయం లేదు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మే 20న కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. అయినా నల్లా నీళ్లు వాకిట్లో పారుతుండగానే క్యాన్ నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయి. జనాన్ని తప్పుపట్టలేను. మూడు తరాలు నీళ్ల వల్లే మంచాన పడ్డ ఊళ్లు ఇవి. పైపు రెండు రోజులు ఆగితే, నీళ్లలో బ్లీచింగ్ వాసన ఎక్కువైతే, మళ్లీ బోరు నీళ్లే కలిపారేమోనన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం తీరాలంటే నల్లా నీళ్ల ఫ్లోరైడ్ అంకె కూడా అదే సుద్దముక్కతో పంచాయతీ గోడ మీద నెలనెలా కనిపించాలి, నీళ్లు రోజూ రావాలి. అప్పుడు కొన్ని ప్లాంట్లు వాటంతటవే మూతపడతాయి. అలా మూతపడేరోజు లోపలున్న మెంబ్రేన్లు అక్కడే ఎండిపోకుండా తీసి పద్దులో రాయించండి. మూసిన ప్లాంట్లలో వదిలేసినవాటిలో ఇంకా ఆయుష్షు ఉన్నవి దొరికే అవకాశం ఎక్కువ.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చింతపల్లి మండలాలతో మొదలుపెట్టండి. ఎండాకాలం వస్తే క్యాన్లకు గిరాకీ పెరుగుతుంది, అంతకు ముందే ప్లాంట్లవాళ్లు మెంబ్రేన్లు మార్చుకుంటారు. సంక్రాంతి దాటి శివరాత్రి వచ్చేలోపు ఆ నాలుగు మండలాల కార్యదర్శులకు రిజిస్టరు, మండల సమాఖ్యలకు సంచులు, మెటాబైసల్ఫైట్ పొట్లాలు అందితే, ఆ ఎండాకాలంలో తీసిన మెంబ్రేన్లు ఎన్ని, అవి ఎక్కడున్నాయి అన్న రెండు అంకెలు మీ బల్లమీదికి వస్తాయి. ఆ అంకెలను బయటికి ప్రకటించండి. మిగతా మండలాల సంగతి వాటిని చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
మునుగోడు ప్రాంతపు పౌరుడొకడు